ఈదమ్మ ఊ కొట్టని కథ

పొద్దున లేచి వాకిట్లో పేడనీళ్ల సానుపు చల్లని ఆడది ఊళ్లో ఉండదు. వల మీద బిందెడు నీళ్లు గుమ్మరించే ఆడదాన్ని మాత్రం ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్ట కింద ఒక్క ఈదమ్మనే చూశారు జనం. ఇంటి ముందర రెండు గుంజలకు కట్టి ఆరేసిన పెద్దవల అది. నడి ఎండాకాలంలో కూడా దాన్ని ఆరనిచ్చేది కాదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా చేత్తో తడుముకుంటూ పోయి, ఎక్కడైనా నూలు గరుకుగా తగిలితే చాలు, మళ్లీ బిందె ఎత్తుకునేది. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. అత్త సిద్దమ్మ అయితే గడపలో కూర్చుని రోజూ అదే పాట. నూలువల నానితే చీకిపోదా, తుమ్మచెక్క రసంలో ముంచి ముంచి నా కొడుకు నిలబెట్టుకున్న వల, దీన్ని పాడు చెయ్యడానికే దాపురించావా అని. ఈదమ్మ పలికేది కాదు. నీళ్లు పోసి, బిందె బోర్లించి, కొంగు దోపుకుని పనికి పోయేది.

ఆమె మొగుడు కాశయ్య. మొగుడి పేరు పెళ్లాం నోట రాకూడని కాలం కాబట్టి ఈదమ్మ 'మా ఇంటాయన' అనేది, మనం మాత్రం కాశయ్య అనే అనుకుందాం. చేపలు పట్టే ఇంటివాడు. పట్టినదాంట్లో మంచివన్నీ వెట్టి కింద దొర గడికి పోవలసిందే. కొర్రమట్టలు దొరకి, చిల్లర పరకలు వీళ్లకి. నైజాం రాజ్యంలో అదే న్యాయం. ఒక వానాకాలం దొర ఇంట్లో ఏదో పెళ్లని గడి మనిషి వచ్చి కట్ట మీద నిలబడి, ఈ రోజు పడ్డదంతా గడికే అన్నాడు. కాశయ్య వల ఒడ్డుకు లాగాడు. నిండా చేపలే. మారు మాట్లాడకుండా వల విప్పి చేపలన్నిటినీ తిరిగి చెరువులోకి వదిలేశాడు. అబ్బో, ఆ సంగతి ఊళ్లో ఎన్నాళ్లు చెప్పుకున్నారో! కానీ గడి చెప్పుకుని ఊరుకుంటుందా? వీపు చీరేసి పంపారు. ఆ దెబ్బలు మానకముందే కాశయ్య దొరలను ఎదిరించే సంఘంలో కలిశాడు.

రజాకార్లు ఊరి మీద ఊరు పడి తిరుగుతున్న రోజులవి. రాచకొండ గుట్టల్లో దళం ఉందని, దళం దగ్గర తుపాకులున్నాయని గుసగుసలు. ఒకనాడు తెల్లారుతుండగా కాశయ్య చెరువు నుంచి వచ్చాడు. తడివల గుంజలకు ఆరేశాడు. గొంగడి భుజాన వేసుకున్నాడు. ఈదమ్మ అంబలి ముంత పట్టుకుని వచ్చేసరికి వాకిలి దాటుతున్నాడు. ఎటు పోతున్నదీ చెప్పలేదు. "వల ఆరినంక మడ్త పెట్టు" అన్నాడు, అంతే. పోయొస్త అనైనా అనలేదు మహానుభావుడు.

ఆ ఒక్క మాటే ఈదమ్మకు మిగిలింది. వల ఆరితే మడత పెట్టాలి. మడత పెడితే ఆయన చెప్పిన పని అయిపోతుంది. ఆ తర్వాత ఆయనది అని చెప్పుకోవడానికి ఇంట్లో ఇంకేముంటుంది? పని మిగిలి ఉన్నంత కాలం పని చెప్పిన మనిషి కూడా ఉన్నట్టే కదా! ఇది పిచ్చి అంటే పిచ్చే. కబురూ కాకరకాయా లేని మొగుడి కోసం కళ్లు కాయలు కాసిన మనిషి అంతకన్నా తెలివిగా ఏం చేస్తుందో మీరే చెప్పండి.

ఈదమ్మ పనికి పోయేది కట్ట చివర ఉన్న పెంకుటింటికి. అందులో ఒక తెల్లదొరసాని ఉండేది. ఇంగ్లీషామె కాదు, హాలెండు అనే దేశం. ఆమె చిన్నమ్మ ఒకామె ఇక్కడి దవాఖానలో నర్సుగా చేసి, ముసలిదై, ఆ ఇంట్లోనే కన్నుమూసింది. పెద్ద యుద్ధం అయిపోయాక జావా దీవి నుంచి ఓడెక్కిన ఈ మనిషి సొంత దేశం పోకుండా చిన్నమ్మను వెతుక్కుంటూ వచ్చి, చిన్నమ్మ పోయాక కూడా ఇక్కడే ఉండిపోయింది. పేరు కొర్నేలియా. ఊరివాళ్ల నోట అది కొర్నెమ్మ అయింది. చిన్నమ్మ దగ్గర నేర్చిన ఉర్దూ, బజార్లో నేర్చిన తెలుగు కలిపి మాట్లాడేది. మొదట్లో నవ్వినవాళ్లు తర్వాత అలవాటు పడ్డారు.

ఊళ్లో ఎవరికీ తెలియని సంగతి ఏమిటంటే, ఈ కొర్నెమ్మ వాళ్ల దేశంలో పేరుమోసిన రచయిత్రి. నవలలు రాసేది. ఆమె నవల వారపత్రికలో వచ్చే రోజున ఆ దేశంలో ఆడవాళ్ల పొయ్యిల మీద రొట్టెలు మాడిపోయేవట. బట్టలుతికే చోట ఒకామె చదివితే పదిమంది వినేవారట. పండితులు మాత్రం, ఇవి వంటింటి కథలు అని మూతి తిప్పేవారట. అవును, వంటింట్లోనే పుట్టాయి అని ఈమె నవ్వి ఊరుకునేదట. అది నిజమే. ఆమె పద్ధతే అంత. ఏ నవలైనా కాగితం మీద పెట్టేముందు నోటితో చెప్పాలి. ఎదురుగా ఒకరు కూర్చుని చేతిపని చేసుకుంటూ వినాలి. వినేవాళ్ల చెయ్యి పనిలో ఆగిపోయిందంటే కథ పండినట్టు. ఆవులించారంటే ఆ ముక్క పొయ్యిలోకే. పుట్టింట్లో ఉన్నప్పుడు వంటమనిషి వినేది. పెళ్లయ్యాక మొగుడు వినేవాడు. మొగుడెక్కడ అని ఈదమ్మ ఒకసారి అడిగితే కొర్నెమ్మ కిటికీలోంచి చెరువు వైపు చూసింది. వాళ్ల దేశంలోనే ఉన్నాడు కాబోలు అనుకుంది ఈదమ్మ.

జావా వదిలినప్పటి నుంచి కొర్నెమ్మ ఒక్క ముక్క రాయలేదు. టైపుమిషను మీద గుడ్డ కప్పి ఉండేది. పుస్తకాలు అచ్చువేసే కంపెనీవాళ్లు ఎప్పుడెప్పుడని అడుగుతూనే ఉన్నారు. ఈమె పొద్దస్తమానం కట్ట మీద తిరిగేది, వచ్చి పడుకునేది.

వీళ్లిద్దరికీ మాటలు కలిసింది కూడా ఆ కట్ట వల్లనే. మీ ఊరెట్లుంటది దొరసాని అని ఈదమ్మ ఊసుపోక అడిగింది. కొర్నెమ్మ చేత్తో కట్టను చూపించి, మా దేశమంతా ఇట్లనే, సముద్రం పైన ఉంటుంది, మేము కట్ట కింద ఉంటాం అంది. ఈదమ్మ నమ్మలేదు. ఇంత చెరువుకే వానాకాలంలో గుండెలు పీచుపీచుమంటాయి, సముద్రానికి కట్టేమిటి? కొర్నెమ్మ నేల మీద నీళ్లతో గీసి చూపించింది. అప్పుడు నమ్మి ఈదమ్మ, "గట్లయితె నువ్ గూడ మా లెక్కనే. కట్ట కిందోళ్లకు నిద్రల గూడ ఒక చెవు నీళ్ల మీదనే ఉంటది" అంది.

కాశయ్య ఇల్లు వదిలాక వచ్చిన ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం ఈదమ్మ వెనక వసారాలో కూర్చుని చేపలకు బూడిద రాసి పొలుసు గీకుతోంది. కొర్నెమ్మ గుమ్మంలో కూర్చుని, ఏదో దీవి అని, అక్కడొక పంతులు అని మొదలుపెట్టింది. ఈదమ్మ తల ఎత్తకుండానే "ఊ" అంది. కొర్నెమ్మ ఉలిక్కిపడి ఆగిపోయింది. ఏమిటది అని అడిగింది.

ఈదమ్మకు నవ్వొచ్చింది. ఇంత కథలు చెప్పే మనిషికి ఊ తెలియకపోవడమేమిటి! వలలు వేసి ఒడ్డున కాపలా కూర్చునే తమవాళ్ల సంగతి చెప్పింది. ఒకడు కథ ఎత్తుకుంటే ఇంకొకడు ఊ కొట్టాలి. ఊ ఆగిందా, కథ అక్కడే ఆగాలి. దాటిపోయి చెప్పకూడదు, దాన్ని వదిలి ఇంకో కథ ఎత్తుకోకూడదు. "ఊ అనకపోతె కతల మనుషులు యాడోళ్లు ఆడనే ఉంటరు. తొవ్వలున్నోడు తొవ్వలనే, ఇంట్లున్నోడు ఇంట్లనే. మల్ల ఊ అన్నంకనే కదుల్తరు" అంది. కొర్నెమ్మ కళ్లు నిండిపోయాయి. మా భాషలో యా అంటారు, నాకూ ఒకాయన అనేవాడు అంది. ఆ ఒకాయన ఎవరో ఈదమ్మ అడగలేదు.

కథలో పంతులు పేరు హెండ్రిక్. ఈదమ్మ పొట్ట చేత పట్టుకుని నవ్వింది. ఎండ్రికాయ అని పేరు పెట్టుకుంటారా ఎవరైనా, బురదలో పాకేదా మీ పంతులు అని. కొర్నెమ్మ కూడా నవ్వింది. ఆమె పళ్లు కనబడేలా నవ్వడం ఈదమ్మ చూడటం అదే మొదలు. ఆ పంతులూ అలాంటివాడే. పడవెక్కితే నీళ్లలో పడేవాడు. పెళ్లాం కోపంగా ఉంటే కోడిలా కూసేవాడు. పిల్లలకు లెక్కలు చెప్తూ చెప్తూ బడి బయటికి పోయి మామిడికాయలు కోసుకొచ్చేవాడు. ఈదమ్మ ఊలు రకరకాలుగా ఉండేవి. సాగదీసి ఒకటి, ముక్కుతో ఒకటి, నవ్వాపుకుంటూ ఒకటి. కత్తి పట్టిన చెయ్యి ఎన్నిసార్లు ఆగిపోయిందో! మర్నాడు పొద్దున ఆమె పనికి వచ్చేసరికి టైపుమిషను టకటకమంటూ ఉండేది. మామిడిపళ్లు వచ్చి పోయినన్నాళ్లూ ఆ ఇల్లు కళకళలాడింది. ఈదమ్మకు కూడా ఆ కాసేపు గుండె బరువు తెలిసేది కాదు.

తొలివానలు పడుతున్నప్పుడు కథలోకి సిపాయిలు వచ్చారు. దీవిలో మగవాళ్లందరినీ పట్టుకుపోతున్నారు. పంతులు పొద్దున్నే వానలో తడిసి ఇంటికొచ్చి, తడికోటు తీగ మీద ఆరేసి, వాకిట్లో నిలబడ్డ సిపాయిలతో పోతూ పోతూ పెళ్లాంతో అన్నాడు, కోటు ఆరినంక మడత పెట్టు అని.

ఈదమ్మ చెయ్యి ఆగింది. ఊ అనడమైతే అంది. ఆ పెళ్లాం ఏం చేసిందట? కోటు ఆరనివ్వకుండా రోజూ దాని మీద నీళ్లు చిలకరించిందట. ఈదమ్మ మళ్లీ ఊ అంది. కాశయ్య అన్న మాట ఎప్పుడో ఏడుస్తూ ఈమెకు చెప్పుకున్నది తనే. వల మీద నీళ్లు పోయడం ఈమె కట్ట మీదినుంచి చూసే ఉంటుంది. కథలు అల్లేవాళ్లకు ఇది మామూలే. కంటికి ఆనిందల్లా మూటగట్టుకుంటారు, ఎవరిదని అడగరు. ఈదమ్మకు కోపం రాలేదు. భయం వేసింది. ఇది పంతులు కథ కాదు, మా ఇంటాయన కథ అనిపించింది. ఇప్పుడు ఆయన ఈ దొరసాని నోట్లో ఉన్నాడు.

మర్నాడు కొర్నెమ్మ చెప్పుకుపోతోంది. ముళ్లతీగల మధ్య మగవాళ్లను పెట్టారు. తినడానికి లేదు. వానలు పట్టుకున్నాయి. పంతులుకి జ్వరం వచ్చింది.

ఈదమ్మ ఊ అనలేదు.

వినలేదేమో అని కొర్నెమ్మ మళ్లీ చెప్పింది, జ్వరం వచ్చింది అని. ఈదమ్మ చేపలు కడిగి, నీళ్లు పారబోసి, లేచి నిలబడింది. "నేను ఊ అనను దొరసాని. అంటె నువ్వు ఆయన్ని సంపుతవ్" అంది.

అయితే ఇంటికి తీసుకురా అని కూడా అడిగింది. నీ పుస్తకాలన్నిటిలో మనుషులు ఇల్లు చేరతారన్నావు కదా, ఈయన్ని కూడా చేర్చు, నేను నూరుసార్లు ఊ అంటా అని బతిమాలింది. కొర్నెమ్మ నోరు తెరిచింది. పంతులు వాకిట్లోకి వచ్చాడు అనడానికి ఎంత పని? ఏడాదికో పుస్తకం రాసిన మనిషి, ప్రతి పుస్తకం చివరా ఎవరినో ఒకరిని ఇల్లు చేర్చిన మనిషి. తల అడ్డంగా ఊపి లోపలికి పోయి తలుపు వేసుకుంది. అది చూశాక ఈదమ్మ భయం రెండింతలైంది.

ఆ రోజుతో టైపుమిషను మీదికి మళ్లీ గుడ్డ వచ్చింది. కథ ముందుకు లేదు, వెనక్కి లేదు. పంతులు జ్వరంతో ముళ్లతీగల వెనక అలాగే పడి ఉన్నాడు. ఈదమ్మ రోజూ వచ్చి వండిపెట్టేది. ఇద్దరి మధ్య ఉప్పు గురించి, చింతపండు గురించి తప్ప వేరే మాట లేదు. కొన్ని మధ్యాహ్నాలు కొర్నెమ్మ గుమ్మంలో కూర్చుని, పంతులుకి జ్వరం వచ్చింది అని చిన్నగా అని చూసేది. ఈదమ్మ పెదవి బిగించి పొలుసు గీకేది. ఆ మనిషి తిండి మానేసి చిక్కి సగమవుతోందని కళ్లారా చూస్తూనే ఉంది. అన్నం పెట్టే ఇంటికి ఇంత అన్యాయం చేస్తానా అని లోపల లోపల కుమిలేది కూడా. కానీ ఒక్క ఊ కోసం మొగుణ్ణి ఎవరు వదులుకుంటారు? గుట్టల్లో ఎక్కడో గొంగడి కప్పుకుని కాశయ్య బతికే ఉన్నాడు, తను నోరు మూసుకున్నంత కాలం ఉంటాడు. పొద్దున వల మీద నీళ్లు, మధ్యాహ్నం నోటికి తాళం. ఈ రెండిటితో మొగుణ్ణి కాపాడుకుంటూ వచ్చింది ఈదమ్మ.

భాద్రపదంలో ఆకాశంలో విమానాలు తిరిగాయి. నాలుగైదు రోజుల్లోనే నైజాం లొంగిపోయాడని, యూనియన్ మిలిట్రీ వచ్చేసిందని కబురు. రజాకార్ల టోపీలు బావుల్లో తేలాయి. గడి తలుపులు మూసుకున్నాయి. మన్నెగూడ దిక్కు నుంచి మిలిట్రీ లారీలు వస్తుంటే జనం రోడ్డు మీదికి ఉరికి చూశారు. గుట్టల్లోకి పోయినవాళ్లు కొందరు ఇళ్లకు తిరిగొస్తున్నారు. మిలిట్రీ దళాలను కూడా వదలదని తెలిసి కొందరు ఇంకా లోపలికి పోయారు. ఏ అడుగు చప్పుడైనా ఈదమ్మ వాకిట్లోకి పరుగెత్తేది. ఇప్పుడు వల మీద రెండు బిందెలు పోస్తోంది.

బతుకమ్మ పండుగ ముందర, ఊళ్లో ఆడపిల్లలు చేలగట్ల వెంట గునుగుపూలు కోస్తున్న మధ్యాహ్నం, సైదులు వచ్చాడు. వాళ్ల వాడలోవాడే, కాశయ్యతో పాటు గుట్టలెక్కినవాడు. ఒక కాలు ఈడుస్తూ నడుస్తున్నాడు. కాశయ్య ఇంటికి పోలేదు, అక్కడ సిద్దమ్మ ఉంటుంది, తల్లి మొహం చూసి చెప్పలేడు. అడిగి తెలుసుకుని నేరుగా పెంకుటింటి వెనక వసారాకి వచ్చాడు. ఈదమ్మ చేపల ముందు కూర్చుని ఉంది. వాణ్ణి చూసింది. వాడి వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూసింది. ఎవరూ లేరు.

సైదులు దూరంగా కూర్చుని, తలకు చుట్టిన తువ్వాల విప్పి చేతిలో పట్టుకున్నాడు. "అక్కా, మేం నలుగురం గుట్ట దిగినం" అన్నాడు. ఆగాడు.

ఈదమ్మ పలకలేదు. పొలుసు గీకుతోంది.

వాడు ఎండ బాగా ఉందని, నీళ్ల కోసం దిగామని అన్నాడు. మళ్లీ ఆగాడు. వాడూ వల ఒడ్డున పెరిగినవాడే. ఎదుట ఊ లేకపోతే వాడి నాలుక ముందుకు పోదు. ఈదమ్మ చెయ్యి ఇంకా వేగంగా గీకుతోంది. పొలుసంతా ఎప్పుడో పోయింది, ఇప్పుడు చేప తోలు లేస్తోంది. సైదులు తువ్వాలతో మొహం తుడుచుకుని, తల వంచుకుని కూర్చుండిపోయాడు.

గుమ్మంలో నిలబడ్డ కొర్నెమ్మకు అంతా అర్థమైంది. వచ్చి ఈదమ్మ పక్కన నేల మీద కూర్చుంది. ఆమెకూ ఇప్పుడు ఊ కొట్టడం వచ్చు. తను అంటే సరిపోతుంది, వాడు చెప్పేస్తాడు. అనలేదు. ఆ ఊ తనది కాదు. ఈదమ్మ చేతిలోంచి కత్తీ చేపా తీసి పక్కన పెట్టింది, అంతే.

చేతులు ఖాళీ అయ్యేసరికి ఈదమ్మ దిక్కుతోచక అటూ ఇటూ చూసింది. తర్వాత కొర్నెమ్మ వైపు తిరిగింది. "నీ పంతులుకు జరం వచ్చింది. గాడ ఆగింది నీ కత. చెప్పు" అంది. సైదులు మాటను ఇంకాస్త సేపు ఆపడానికే అలా అందని వేరే చెప్పక్కర్లేదు.

కొర్నెమ్మ చెప్పింది. ఆడవాళ్లను వేరే పెట్టారట, మగవాళ్లను ఎక్కడికో తీసుకుపోయారట. ఆడవాళ్ల మధ్య ఈ పంతులు పెళ్లాం రోజూ ఒక కథ చెప్పేదట, ఆయన ఎలా తిరిగొస్తాడో. ఒకరోజు పడవలో వచ్చాడని, ఒకరోజు నడిచి వచ్చాడని, ఒకరోజు కోడిలా కూస్తూ వచ్చాడని. అందరూ నవ్వేవారట. యుద్ధం అయ్యాక ఎవరో గుమాస్తా పేరు చదివి చెప్పాడట.

"నేను ఆడ కతలు చెప్తున్నప్పుడే ఆయన లేడు. జరంతోనే పోయిండు. మస్తు దినాలు సచ్చిపోయిన మనిషిని నేను కతల నడిపించిన" అంది కొర్నెమ్మ. "హెండ్రిక్ నా మొగుడు."

ఈదమ్మ ఆమెను చూసింది. నెరిసిన జుట్టు, ఎండకు కమిలిన మెడ, మోకాళ్ల చుట్టూ బిగించుకున్న చేతులు. ఈ మాట విన్న తర్వాత కూడా ఈ మనిషి ఓడెక్కింది. ఇంత దూరం వచ్చింది. పులుసు బాగుందని రెండోసారి వడ్డించుకుంది. ఎండ్రికాయ అని తను వెక్కిరిస్తే నవ్వింది, ఆ పేరు మొగుడిదై ఉండి కూడా నవ్వింది. కొన్ని నెలలుగా తను మూసింది ఈమె నోటిని. చెప్పుకుంటే తీరే ఏడుపును చెప్పుకోనివ్వలేదు. ఈదమ్మ ఆమె దగ్గరికి జరిగింది.

"ఊ" అంది.

కొర్నెమ్మ రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. దొరసానులు కూడా మన ఆడవాళ్లలాగే ఏడుస్తారు, పెద్దగా, ముక్కు చీదుకుంటూ. ఈదమ్మ కొంగుతో ఆమె మొహం తుడిచింది. ఆ కొంగుకు చేపవాసన. ఊకో అక్కా, ఊకో అంది. అన్నాక గానీ తెలియలేదు, ఇన్నాళ్లూ దొరసాని అన్న నోటితో అక్కా అన్నదని.

తర్వాత సైదులు వైపు తిరిగి సర్దుకుని కూర్చుంది. "చెప్పు తమ్మీ. మీరు నలుగురు గుట్ట దిగిన్రు. ఊ" అంది.

సైదులు చెప్పాడు. ఎండాకాలం, మామిడికాయలు పండే రోజులు. నీళ్ల కోసం బావి దగ్గరికి పోయారు. ఊ. నైజాం పోలీసులు చేను గట్టున కాచుకుని ఉన్నారు. ఊ. మొదటి తూటా తన కాలికి తగిలింది, కాశన్న తనను భుజాన వేసుకుని గుట్ట దాకా మోశాడు. ఊ. గుట్ట ఎక్కేటప్పుడు కాశన్నకు వీపులో తగిలింది. ఈదమ్మ ఆగింది. సైదులు కూడా ఆగాడు. దూరంగా పూలు కోసే పిల్లల కేకలు వినిపిస్తున్నాయి. ఊ అంది ఈదమ్మ. పొద్దుగూకే వేళ ప్రాణం పోయింది, అక్కడే గొంగడి కప్పి రాళ్లు పేర్చి వచ్చారు. ఊ.

మామిడికాయలు పండే రోజులు. అంటే పంతులు పడవలోంచి నీళ్లలో పడ్డాడని తను పొట్ట చేత పట్టుకుని నవ్విన రోజులు. అప్పటికే కాశయ్య లేడు. తర్వాత ఇన్ని నెలలు నోరు బిగించి, వల తడిపి, ఎవరిని కాపాడింది ఈదమ్మ?

చివరికి ఏమన్నా అన్నాడా అని అడిగింది. సైదులు తల ఎత్తకుండానే చెప్పాడు. "ఇంటి కాడ వల ఆరేసి వచ్చిన అన్నడు. మా ఇంటిది మడ్త పెట్టే ఉంటది, పనిమంతురాలు అన్నడు."

ఇద్దరూ ఈదమ్మనే చూస్తున్నారు. కట్టకు నీళ్లు తట్టుకునే చప్పుడు వినబడుతోంది. అప్పుడు అంది ఊ అని, ఎవరికీ సరిగ్గా వినబడనంత మెల్లగా. ఆ వెంటనే పెట్టిన కేక మాత్రం కట్ట మీద పోయేవాళ్లను కూడా నిలబెట్టింది.

మర్నాడు పొద్దున సిద్దమ్మ ఎప్పటిలాగే గడపలో కూర్చుని తిట్టడానికి నోరు తెరిచింది. బిందె బోర్లించినట్టే ఉంది. ఈదమ్మ వాకిట్లో సానుపు చల్లి, వల దగ్గరికి పోలేదు. ఎండ వల మీదికి ఎక్కింది. రాత్రి మంచుకు తడిసిన నూలు నుంచి ఒక్కొక్క చుక్కా కారడం మానేసింది. సిద్దమ్మ వలను చూసింది, కోడలిని చూసింది. ఆమెకు ఇక ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఓ నా కొడకా అని గడప మీదికి ఒరిగిపోయింది. ఈదమ్మ పోయి అత్తను ఒళ్లోకి తీసుకుంది.

మధ్యాహ్నానికి వల గలగలలాడేలా ఆరింది. ఇద్దరు పడితేనే మడతపడేంత పెద్దవల. కొర్నెమ్మ ఎప్పుడు వచ్చిందో వచ్చి అటు చివర పట్టుకుని నిలబడి ఉంది. ఇటు చివర ఈదమ్మ గుంజ మీది ముడి విప్పింది. చీకిన నూలు చేతిలోనే పుటుక్కుమని తెగుతోంది. జాగ్రత్తగా పట్టుకో అక్కా అని చెప్పింది. ఇద్దరూ ఎదురెదురుగా నడిచి చివరలు కలిపారు. మళ్లీ వెనక్కి జరిగి, మళ్లీ ఎదురు నడిచారు. మడత మడతకూ వల చిన్నదైంది. ఆఖరి మడత ఈదమ్మ ఒక్కతే పెట్టింది. పెట్టి, ఇంట్లోకి తీసుకుపోయి, కాశయ్య పెట్టే చోటే దూలానికి తగిలించింది.